మెదడుకు గిరి గీసిన చిత్రకారుడు

ఇంట్లోవాళ్లు ఎంచిన కోర్సులో చేరి, మనసేమో వేరేచోట పెట్టుకున్నారా? అయితే శాంటియాగో రామోన్ ఇ కహాల్ మీకు దగ్గరివాడే. 1852లో స్పెయిన్‌లోని ఓ పల్లెలో పుట్టాడు. బొమ్మలంటే ప్రాణం. వైద్యుడైన తండ్రికి ఆ పిచ్చి నచ్చక క్షౌరశాలలో, చెప్పుల దుకాణంలో పనికి పెట్టాడు. చివరికి శ్మశానానికి తీసుకెళ్లి ఎముకలు గీయమన్నాడు. అంతే, కుర్రాడు అనాటమీలో పడిపోయాడు.

సైనిక డాక్టరుగా క్యూబా వెళ్లి మలేరియాతో తిరిగొచ్చాడు. ఆ జీతం డబ్బుతోనే మైక్రోస్కోప్ కొన్నాడు. 1887లో మాడ్రిడ్‌లో ఓ తోటి డాక్టర్ ఇంట్లో, ఇటలీ శాస్త్రవేత్త గోల్జీ కనిపెట్టిన వెండి రంగు పద్ధతి చూశాడు. అది వేస్తే వేల కణాల్లో కొన్నే నల్లబడి, కొమ్మలతో సహా కనిపిస్తాయి. కహాల్ దాన్ని మెరుగుపరిచి, చూసింది చూసినట్టు గీశాడు. మెదడంతా ఒకే వల అని అప్పట్లో చాలామంది నమ్మకం. కాదు, విడివిడి కణాలే అన్నాడు. సంకేతం ఎటు పోతుందో బాణం గుర్తులు కూడా పెట్టాడు, అచ్చం మన సర్క్యూట్ డయాగ్రామ్‌లా! 1906 నోబెల్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. ఆ వేదిక మీద కూడా గోల్జీ ఒప్పుకోలేదు.

1913-14లో వచ్చిన గ్రంథంలో కహాల్ ఒక గిరి గీశాడు. పెద్దయ్యాక మెదడులో కణం చస్తే చచ్చినట్టే, కొత్తది పుట్టదని. వీలైతే రేపటి సైన్స్ దీన్ని మార్చాలనీ అక్కడే రాశాడు గానీ, లోకానికి మొదటి ముక్కే గుర్తుండిపోయింది. 1960ల్లో అమెరికాలో జోసెఫ్ ఆల్ట్‌మన్ పెద్ద ఎలుకల మెదళ్లలో కొత్త కణాలు చూపిస్తే పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1998లో మనుషుల్లోనూ కనిపించాయి. ఎక్కడ? హిప్పోక్యాంపస్‌లో. జ్ఞాపకాలకు కీలకమైన చోటు, అల్జీమర్స్ ముందుగా దెబ్బతీసే చోట్లలో ఒకటి.

కహాల్ 1934లో మాడ్రిడ్‌లో కన్నుమూశాడు. 2019లో అదే నగరంలో మరియా యోరెన్స్-మార్టిన్ బృందం, చనిపోయినవాళ్ల మెదళ్లను పరిశీలించింది. ఆ జబ్బులేని వాళ్లలో ఎనభై దాటినా లేత కణాలున్నాయి. అల్జీమర్స్ వచ్చినవాళ్లలో బాగా తక్కువ, జబ్బు ముదిరేకొద్దీ ఇంకా తక్కువ. కొత్త కణాలు తగ్గడం జబ్బును పెంచుతోందా, జబ్బే వాటిని తగ్గిస్తోందా? అది తేలితేనే మందు సంగతి.

2018లో ఇంకో బృందం మాత్రం పెద్దవాళ్ల మెదడులో లేత కణాలే కనిపించలేదంది. పేచీ ఎక్కడంటే, మెదడు ముక్కను రసాయనంలో ఎన్ని గంటలు ఉంచారన్న దగ్గర. మరీ ఎక్కువసేపు ఉంచితే కణాలున్నా రంగుకు దొరకవని మాడ్రిడ్‌వాళ్ల వాదన.