విద్యాదాత్రి బేగం రోకియా

కళాశాలలో అడుగిడు ప్రతి విద్యార్థిని వెనుక ఒక చిన్న బడి యుండును. ఆ బడిలో ఆరవ తరగతియో ఏడవ తరగతియో దాటక మునుపే చదువు మానిన బాలికకు కళాశాల ద్వారములు ఎంత విశాలముగా తెరచియున్నను మూసియున్నట్లే. ఈ సత్యమును గుర్తించి, నిరాదరణకు గురియైన బాలికలను ఒక్కొక్క తరగతి చొప్పున పైకి నడిపించుటకు తన జీవితమును ధారపోసిన మహనీయురాలు బేగం రోకియా సఖావత్ హుస్సేన్.

రోకియా 1880వ సంవత్సరమున అవిభక్త వంగదేశములోని రంగపూరు జిల్లా, పైరాబంద్ గ్రామమున జమీందారీ కుటుంబములో జన్మించెను. ఆ ఇంట సంపదకు లోటు లేదు గాని ఆడుపిల్లల చదువునకు చోటు లేదు. కుమారులు కలకత్తాలో ఆంగ్లవిద్య నభ్యసించిరి. కుమార్తెలకు మాత్రము ఖురాన్ పఠనము, కొలదిగా ఉర్దూ చాలునని పెద్దలు తలంచిరి. ఇంగ్లీషు మాట యటుండగా, వంగభాష నేర్చుట సయితము వారికి నిషిద్ధమే. ఐదేండ్ల ప్రాయముననే రోకియా పరదాలోనికి వెళ్ళవలసివచ్చెను. అన్న ఇబ్రహీం సాబేర్ రాత్రివేళ ఇంటివారందరు నిద్రించిన పిమ్మట దీపపు వెలుగున చెల్లెలికి ఇంగ్లీషు నేర్పెను. అక్క కరీమున్నీసా వంగభాషాభ్యాసమునకు తోడ్పడెను. ఇట్లు విద్యనార్జించిన రోకియా ఏనాడును బడిబల్లపై కూర్చుండి చదివినది కాదు.

ఆమె భర్త సయ్యద్ సఖావత్ హుస్సేన్ భాగల్పూరులో డిప్యూటీ మేజిస్ట్రేటుగా నుండెను. భార్య రచనావ్యాసంగమును ఆయన మనసార ప్రోత్సహించెను. స్త్రీలు విశ్వవిద్యాలయములను నడుపుచు, సూర్యతాపమును శాస్త్రజ్ఞానముతో వినియోగించుకొను దేశమును ఊహించి ఆమె ఇంగ్లీషులో వ్రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ 1905లో మదరాసునుండి వెలువడు ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’ పత్రికలో ప్రచురింపబడెను. ఆ పత్రికా సంపాదకురాలు తెలుగింటి ఆడపడుచు కమలా సత్యనాథన్ అగుట మనకు గర్వకారణము.

దంపతులకు కలిగిన ఇద్దరు ఆడుశిశువులును పసితనముననే మరణించిరి. 1909లో భర్తయు గతించెను. బాలికల పాఠశాల కొరకు ఆయన 10,000 రూపాయలు ప్రత్యేకించి యుంచెను. దుఃఖమును దిగమ్రింగుకొని, కొలది నెలలకే రోకియా భాగల్పూరులో ఐదుగురు బాలికలతో బడి ప్రారంభించెను. ఆస్తి తగాదాల వలన అచ్చట నిలువలేక కలకత్తా చేరి, 1911 మార్చి 16వ తేదీన వలీయుల్లా లేన్‌లోని చిన్న ఇంట ఎనమండుగురు బాలికలతో సఖావత్ మెమోరియల్ పాఠశాలను తిరిగి తెరచెను.

బడి నడుపు పద్ధతి తెలియనందున ఆమె కలకత్తాలోని ఇతర బాలికా పాఠశాలలకు పోయి, బోధనను, పరిపాలనను స్వయముగా పరిశీలించెను. ధనము దాచిన బర్మా బ్యాంకు దివాలా తీయగా ఆ సొమ్ము పోయెను. ఆమె ధైర్యము మాత్రము పోలేదు. ఇంటింటికి తిరిగి, పరదాకు భంగము కలుగదని తల్లిదండ్రులకు హామీ ఇచ్చి పిల్లలను పంపుడని వేడుకొనెను. చిన్న వయస్సున వితంతువైన ఆమెపై నిందలు వేసినవారును గలరు. నాలుగు వైపుల మూసిన బస్సులో పిల్లలను తెచ్చుచుండగా గాలియాడక కొందరు మూర్ఛిల్లిరి. మార్పు చేసి తెరలు కట్టించినచో, గాలికి తెర తొలగుచున్నదని బెదిరింపు జాబులు వచ్చెను. ఈ రెంటి నడుమ ఆమె బడిని నడుపవలసివచ్చెను.

బాలికలకు ఖురాన్ పఠనముతోపాటు ఉర్దూ, ఫారసీ, వంగభాష, ఇంగ్లీషు, కుట్టుపని, వంట, ప్రథమచికిత్స, వ్యాయామము నేర్పబడెను. యోగ్యులైన ఉపాధ్యాయినులు కలకత్తాలో లభింపనందున మదరాసు, గయ, ఆగ్రాలనుండి రప్పించి, వారికి తానే శిక్షణ ఇచ్చెను. 1915 నాటికి విద్యార్థినుల సంఖ్య 84కు చేరెను. 1916లో అంజుమన్-ఎ-ఖవాతీన్-ఎ-ఇస్లాం అను మహిళా సంఘమును స్థాపించి, పేద స్త్రీలకు చేయూత నిచ్చెను.

1917లో ఆ బడి మాధ్యమిక ఆంగ్ల పాఠశాల అయ్యెను. ఇచ్చటనే ఆమె దూరదృష్టి మనకు గోచరించును. ఉత్తరము వ్రాయగలిగినంత చదువు ఆడుపిల్లకు చాలునని తృప్తిపడు కాలమది. బాలికకు పండ్రెండు పదమూడేండ్లు రాగానే చదువు మాన్పించి పెండ్లి చేయుట ఆనాటి రివాజు. మాధ్యమిక దశతో ఆగినచో మెట్రిక్యులేషను లేదు, అది లేనిదే కళాశాల లేదు. కావున రోకియా విశ్రమింపలేదు. ఆ తరువాతి మెట్టునకు ఆమెకు పదునాలుగేండ్లు పట్టెను. 1931 నాటికి సఖావత్ పాఠశాల ఉన్నత ఆంగ్ల పాఠశాల అయ్యెను. బాలికలకు కళాశాల త్రోవ ఏర్పడెను.

1932 డిసెంబరు 9వ తేదీన ఆమె పరమపదించెను. ముందునాటి రాత్రియు స్త్రీల హక్కులను గూర్చి వ్యాసము వ్రాయుచునే యుండెను. ఏడేండ్ల పిమ్మట, 1939లో, ముస్లిం బాలికల ఉన్నతవిద్యకై కలకత్తాలో లేడీ బ్రేబర్న్ కళాశాల వెలసెను. ఆమె దానిని చూడలేదు గాని, దానిలో చదువదగిన బాలికలను సిద్ధపరచు పనిని ఇరువది యేండ్లకు పైగా చేసెను. ఆమె నాటిన బడి నేటికిని ప్రభుత్వ పాఠశాలగా కొనసాగుచున్నది.

విద్యార్థినీ విద్యార్థులారా! మన ఇరుగుపొరుగున ఉర్దూ బడిలోనో తెలుగు బడిలోనో ఏడవ తరగతి చదువుచు, పైచదువు తమది కాదని తలంచు బాలబాలికలు ఎందరో గలరు. వారికి ఒక గంట లెక్కలో ఇంగ్లీషో చెప్పుటకు గొప్ప ధనము అక్కరలేదు. కళాశాల పాలకవర్గమువారు ఆ బడులను తమవిగా భావించి, సెలవుదినములలో ఒక గదిని తెరచి యుంచినను మేలు జరుగును. ఐదుగురితో మొదలిడుటకు రోకియా సందేహింపలేదు. మనము ఒక్కరితోనైనను మొదలిడుదము.