తిరుపతి అడవి నుంచి కేడ్గావ్ దాకా

పండిత రమాబాయిని సంస్కృత విదుషిగా స్మరించేవారు ఆమె చవిచూసిన ఆకలిని తరచుగా మరచిపోతారు. 1858లో మరాఠీ బ్రాహ్మణ కుటుంబంలో జన్మించిన ఆమె, పురాణ పఠనంతో బతికే తల్లిదండ్రుల వెంట పుణ్యక్షేత్రాలు తిరుగుతూ పెరిగారు. కరువు ముంచుకొచ్చాక ఆ కుటుంబం తిరుపతి సమీపపు అడవిలో ఆకులు తిని పదకొండు రోజులు గడిపింది. కూలికి పోవడానికీ, చేయి చాచడానికీ కులాభిమానం అడ్డొచ్చింది. (అడిగినా పని దొరకని కులాల గతి వేరే చెప్పాలా?) 1874లో తల్లిదండ్రులిద్దరూ మరణించారు. శూద్రుడైన బిపిన్ బిహారీని 1880లో వివాహమాడితే, రెండేళ్లకే ఆయనా పోయారు.

1883లో ఇంగ్లండులో ఆమె బాప్తిస్మం పొందగా సనాతనులు మండిపడ్డారు. జోతీరావు ఫూలే సమర్థించారు. అయితే మతం మారగానే మనసు కుదుటపడలేదు. తనకు దొరికింది మతమే తప్ప క్రీస్తు కాదని గ్రహించి, విశ్వాసంలో స్థిరపడడానికి మరో ఎనిమిదేళ్లు పట్టింది.

ఆ విశ్వాసానికి అసలు పరీక్ష 1896లో ఎదురైంది. మధ్య పరగణాల్లో కరువు. ఎండిన డొక్కల పిల్లలను చూడడమంటే తన బాల్యాన్ని మళ్లీ చూడడమే. దేవునిపై భారం వేసి ఆమె బయలుదేరారు. వందలాది బాలికలను వెంట తెచ్చారు. 1889లో స్థాపించిన శారదా సదనంలో అగ్రవర్ణ వితంతువుల కుల నియమాలను సాగనిచ్చిన రమాబాయి, కేడ్గావ్ ముక్తి సదనంలో అన్ని కులాలవారినీ చేర్చుకున్నారు. ఈ మార్పును ఆమె జీవితకారులు తేలికగా దాటిపోతారు. కూలి పనికి వెనుదీసిన ఇంటి బిడ్డ ఆ పిల్లలకు సేద్యం, నేత, అచ్చుపని నేర్పించారు. బైబిలును మరాఠీలోకి తెచ్చి, 1922లో అక్కడే కన్నుమూశారు.