లూకా సువార్త దొరికిన ఇల్లు

1878లో కలకత్తాలో క్రైస్తవులు ఒక కూడికకు ఇద్దరు అన్నాచెల్లెళ్లను ఆహ్వానించారు. ప్రార్థన సమయం వచ్చింది. అందరూ కుర్చీల ముందు మోకరించి కళ్లు మూసుకున్నారు. ఈ క్రైస్తవులు కుర్చీలకు మొక్కుతున్నారు కాబోలు అనుకుంది ఆ చెల్లెలు. వెళ్లేటప్పుడు ఆమె చేతిలో సంస్కృత బైబిలు ఒకటి పెట్టారు. చదవబోతే ఆ సంస్కృతం తాను నేర్చిన సంస్కృతంలా లేదు. పక్కన పెట్టేసింది, కానీ పారేయలేదు.

ఆమె పండిత రమాబాయి. 1858లో పడమటి కనుమల్లోని గంగామూల అడవిలో పుట్టింది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే భార్యకు సంస్కృతం నేర్పినందుకు తోటి పండితుల ఆగ్రహానికి గురైనవాడు. ఆ తల్లి దగ్గరే రమాబాయి చదువుకుంది. భాగవతంలోని వేల శ్లోకాలు కంఠస్థం చేసింది. పురాణం చెప్పుకుంటూ తీర్థాలు తిరగడమే ఆ కుటుంబానికి జీవనం. 1870ల కరువులో చేతిలో ఉన్నదంతా అయిపోయింది. తిరుపతి కొండల వైపు అడవిలో ఆకులు, నీళ్లతో రోజులు గడిపారు. ఆ కాలంలోనే తండ్రి, తల్లి, అక్క ఒకరి వెనుక ఒకరు పోయారు. మిగిలిన అన్నాచెల్లెళ్లు కాశ్మీరం దాకా కాలినడకన తిరిగారు. ఇన్ని ఉపవాసాలకు, ఇన్ని మొక్కులకు జవాబు ఎందుకు రాలేదన్న ప్రశ్న ఆమెలో అప్పుడే మొదలైంది.

కలకత్తా పండితులు ఆమె విద్యను పరీక్షించి పండిత, సరస్వతి అనే బిరుదులిచ్చారు. స్త్రీ ధర్మం గురించి ఉపన్యసించమంటే ధర్మశాస్త్రాలు తెరిచింది. స్త్రీకి, శూద్రునికి మోక్షమార్గం దాదాపు మూసే ఉన్నదని ఆ చదువులో ఆమెకు తోచింది. మరి నా సంగతేమిటి? ఈ ప్రశ్న ఆమెను వదల్లేదు.

1880లో అన్న మరణించాడు. అదే ఏడు బిపిన్ బిహారీ మేధవి అనే బెంగాలీ న్యాయవాదిని పెళ్లాడి అస్సాం ప్రాంతానికి వెళ్లింది. అక్కడే ఇంట్లోని పుస్తకాల మధ్య బెంగాలీ లూకా సువార్త కనబడింది. అది ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఆసక్తిగా చదివింది. ఒక బాప్టిస్టు మిషనరీ ఇంటికి వచ్చి ఆదికాండము మొదటి అధ్యాయం వివరిస్తే ఇంకా వినాలనిపించింది. భర్త మిషను బడిలో చదివినవాడే, అయినా భార్య క్రైస్తవురాలవుతానంటే ఇష్టపడలేదు. పెళ్లయి రెండేళ్లు నిండకుండానే కలరాతో ఆయన చనిపోయాడు. చేతిలో పసిపాప మనోరమ. ఆమెకు ఇరవై మూడేళ్లు.

పూణే మీదుగా 1883లో ఇంగ్లండు చేరింది. వాంటేజ్‌లోని సిస్టర్ల దగ్గర ఉండగా, లండన్‌లో వారు నడిపే ఒక ఆశ్రమాన్ని చూసింది. లోకం చెడిపోయారని వెలివేసిన స్త్రీలను అక్కడ ప్రేమగా చూసుకుంటున్నారు. ఎందుకిలా చేస్తున్నారని అడిగింది. ఒక సిస్టర్ యోహాను సువార్త 4వ అధ్యాయం తెరిచి, సమరయ స్త్రీతో ప్రభువు మాట్లాడిన సంగతి చెప్పింది. స్త్రీకి కూడా మార్గం ఉందని ఆమెకు అక్కడ తెలిసింది. 1883 సెప్టెంబరు 29న తల్లీకూతుళ్లు బాప్తిస్మం పొందారు.

సాక్ష్యాలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. మాకు మాత్రం దీని తరువాతి సంగతులే ముఖ్యమనిపిస్తాయి. బాప్తిస్మం తరువాత ఆమె ప్రశ్నలు తగ్గలేదు సరికదా, పెరిగాయి. త్రిత్వం గురించి అడిగింది. సంఘాధికారం గురించి అడిగింది. సిలువ మీద లాటిన్ అక్షరాలెందుకు, సంస్కృతం ఏం తక్కువైందని అడిగింది. ఆమె మగపిల్లలకు పాఠం చెప్పడం బిషప్పులకు నచ్చకపోతే దానికీ కారణం అడిగింది. గర్విష్టి అన్నారు, అవిధేయురాలన్నారు. ఆ సిస్టర్ల ప్రేమను మేము తక్కువ చేయడం లేదు. సమరయ స్త్రీని చూపించింది వారే. కానీ అడగడం వల్లనే ప్రభువు దగ్గరికి వచ్చిన మనిషిని, వచ్చాక అడగవద్దనడం ఎంతవరకు న్యాయం? మన సండేస్కూళ్లలో ఒక పిల్లవాడు కయీనుకు భార్య ఎక్కడిదని అడిగితే కూర్చోబెట్టేస్తాం. వాడు పదిహేడో ఏట గుడికి రావడం మానేస్తే లోకాన్ని నిందిస్తాం.

1889లో బొంబాయిలో వితంతు బాలికల కోసం శారదా సదన్ తెరిచింది. ఆ పని నడుస్తుండగానే, బాప్తిస్మమైన ఎనిమిదేళ్లకు, 1891లో, తాను క్రైస్తవ మతాన్ని కనుగొన్నది గాని క్రీస్తును ఇంకా కనుగొనలేదని గ్రహించింది. ప్రార్థనమందిరంలో ముందు వరుసలో కూర్చునే మనలో ఎంతమంది ఈ మాట ఒప్పుకోగలం? ఆమె ఒప్పుకుంది, ప్రభువుకు తన్ను తాను అప్పగించుకుంది.

తరువాతి కథ చాలామందికి తెలుసు. 1896-97 కరువులో మధ్యప్రాంతాలకు వెళ్లి, ఆకలితో అలమటిస్తున్న వందలాది బాలికలను కేడ్‌గావ్ తీసుకొచ్చింది. అక్కడే ముక్తి సదన్ పెరిగింది. ఆకలి అంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

చివరి సంవత్సరాల్లో పల్లెటూరి స్త్రీకి అర్థమయ్యే మరాఠీలో బైబిలు ఉండాలని, హీబ్రూ, గ్రీకు నేర్చుకుని తానే అనువదించింది. ముక్తి ఆడపిల్లలే ముద్రణాలయంలో పనిచేశారు. 1921లో మనోరమ కన్నుమూసింది. ఆ దుఃఖంలోనూ తల్లి అనువాదం పని ఆపలేదు. 1922 ఏప్రిల్ 5న ఆమె ప్రభువు సన్నిధికి చేరింది. ఆ బైబిలు 1924లో వెలువడింది.