మహాత్ముని ఆహార ప్రయోగాలు

గుజరాత్‌లోని పోరుబందరులో 1869 అక్టోబరు 2న జన్మించిన మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ జీవితాన్ని స్వాతంత్ర్యోద్యమ చరిత్రగా చదవడం మనకు అలవాటు. ఆ జీవితంలోనే అంతగా ప్రచారానికి రాని మరొక పోరాటం ఉన్నది. మానవ శరీరం ఏ ఆహారానికి తగినట్లుగా నిర్మితమైనదనే ప్రశ్నతో ఆయన అర్ధ శతాబ్దానికి పైగా పెనుగులాడారు. ఆ పోరాటానికి రణరంగం ఆయన దేహమే.

గాంధీ వంశీయులు వైష్ణవులు. జైన సాధువులు తరచుగా ఆ ఇంటికి వచ్చిపోతుండేవారు. మాంసమన్న మాటే అక్కడ వినరాదు. అయితే రాజకోటలో చదువుకునే రోజులలో ఒక మిత్రుడు, ఆంగ్లేయులు మాంసాహారులు కనుకనే బలవంతులై మనలను ఏలుతున్నారని మోహన్‌దాస్‌కు నచ్చజెప్పాడు. దేశ విముక్తికి అదే మార్గమని నమ్మిన బాలుడు, నది ఒడ్డున ఏకాంత ప్రదేశంలో మేకమాంసం తిన్నాడు. ఆ రాత్రి తన కడుపులో మేక సజీవంగా అరుస్తున్నట్లు తోచి నిద్రలో పలుమార్లు ఉలికిపడ్డాడు. ఏడాది కాలంలో అటువంటి విందులు అయిదారు జరిగాయి. తల్లిదండ్రులతో అబద్ధమాడవలసి రావడం భరించలేక చివరకు మానుకున్నాడు.

1888లో న్యాయశాస్త్రం చదవడానికి లండన్ వెళ్ళేముందు, మద్యమాంసాలకూ పరస్త్రీలకూ దూరంగా ఉంటానని తల్లి పుత్లీబాయికి మాట ఇచ్చారు. ఆ మాట నిలుపుకోవడానికి పరాయి దేశంలో అర్ధాకలితో గడిపారు. ఒకనాడు ఫారింగ్‌డన్ వీధిలో ఒక శాకాహార భోజనశాల కంటబడింది. అక్కడే కొన్న హెన్రీ సాల్ట్ గ్రంథం ఆయన ఆలోచనను మార్చివేసింది. తల్లి కోసం పాటించిన నియమం ఆనాటి నుండి సొంత విశ్వాసమైంది. 1880లో పారిస్‌లో వైద్యపట్టం పొందిన అన్నా కింగ్స్‌ఫర్డ్ రచనలను కూడ ఆయన చదివారు. మనిషి దంతాలు, జీర్ణాశయం ఫలాలు తిని బ్రతికే వానరాల అవయవాలను పోలి ఉన్నాయి గనుక శాకాహారమే ప్రకృతిసిద్ధమని ఆమె వాదం. ఈ వాదం గాంధీజీ మనసులో గాఢంగా నాటుకున్నది.

దక్షిణాఫ్రికాలో ఆయన మరొక అడుగు ముందుకు వేశారు. శైశవంలో తల్లిపాలు తప్ప మనిషికి వేరే పాలు అవసరం లేదని భావించారు. పాల కోసం కలకత్తాలో పశువులను హింసిస్తున్న తీరును చదివి చలించిపోయారు. 1912లో టాల్‌స్టాయ్ క్షేత్రంలో, మిత్రుడు కాలెన్‌బాక్‌తో కలిసి పాలు విడిచిపెట్టారు. వేరుశనగలు, అరటిపండ్లు, ఖర్జూరాలు, నిమ్మపండ్లు, ఆలివ్ నూనె వారి ఆహారం. ఆరోగ్యాన్ని గురించి ఆయన రాసిన పుస్తకంలోనూ పాలు మానుకోమనే సలహా చోటుచేసుకున్నది.

పరీక్ష 1918లో ఎదురైంది. ఖేడా జిల్లాలో సైన్యానికి మనుషులను సమీకరిస్తూ ఎండనక తిరిగిన గాంధీజీ, వేరుశనగ ముద్ద, నిమ్మకాయలతో కాలక్షేపం చేశారు. తీవ్రమైన అతిసారం సోకింది. మృత్యువు సమీపించినదనే అనుకున్నారు. పాలు తాగనిదే శరీరం కోలుకోదని బొంబాయి వైద్యుడు డాక్టర్ దలాల్ స్పష్టం చేశాడు. వ్రతభంగం చేయలేనని గాంధీజీ పట్టుబట్టారు. ఆవు, గేదె పాలను మనసులో ఉంచుకొని వ్రతం పట్టారు గనుక మేకపాలకు అభ్యంతరం ఉండరాదని అక్కడే ఉన్న కస్తూరిబా సూచించారు. ఆయన అంగీకరించారు, బ్రతికారు. కాని ఆ అంగీకారం జీవితాంతం ముల్లులా గుచ్చుకుంటూనే ఉన్నది. వ్రతంలోని అక్షరం నిలిచినా ఆత్మ నిలువలేదని ఆత్మకథలో బాహాటంగా ఒప్పుకున్నారు. తన పుస్తకం చదివి పాలు మానినవారు, మేలు కనబడితేనో, అనుభవజ్ఞులైన వైద్యులు చెబితేనో తప్ప ఆ ప్రయోగం కొనసాగించవద్దని హెచ్చరించారు. తన మాటను నమ్మినవారికి హాని కలుగుతుందేమోనన్న భయం అపజయం కంటే ఆయనను ఎక్కువగా బాధించింది.

అయినా అన్వేషణ ఆగలేదు. 1929 మే నెలలో ఆంధ్ర పర్యటనలో ఉండగా, రాజమండ్రిలో ప్రకృతి చికిత్సాలయం నడుపుతున్న సుందరం గోపాలరావు, నిప్పు తగలని ఆహారమే రోగాలను హరిస్తుందని ఆయనకు బోధించారు. గాంధీజీ వెంటనే మొలకెత్తిన గోధుమలు, నూరిన బాదంపప్పు, పచ్చి ఆకుకూరలు, తేనెతో ప్రయోగం మొదలుపెట్టారు. ఆశ్రమవాసులు కొందరు చేయి కలిపారు. కొద్ది నెలలకే జబ్బుపడి మళ్ళీ మేకపాలకు రాక తప్పలేదు. కూనూరులో పోషకాహార పరిశోధన సాగిస్తున్న రాబర్ట్ మెక్‌కారిసన్ పాల ప్రాధాన్యాన్ని వివరిస్తే, తన అభిమతానికి విరుద్ధమైనా దానిని తన పత్రికలోనే ప్రచురించారు. 1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండి రాసిన ఆరోగ్య గ్రంథంలో, శాకాహారంలో పాలు, పాల పదార్థాలు ఉండితీరాలని తన అనుభవంగా పేర్కొన్నారు. పాలకు సాటి రాగల వృక్షసంబంధమైన పదార్థాన్ని కనుగొనవలసిందిగా వైద్యులను కోరుతూనే వచ్చారు.

1948 జనవరి 30న ఆయన అస్తమించారు. అదే సంవత్సరం అమెరికా, ఇంగ్లండు శాస్త్రజ్ఞులు బి12 విటమినును వేరుచేశారు. దీనిని సూక్ష్మజీవులు మాత్రమే తయారు చేయగలవు. మాంసం, గుడ్లు, పాలలో ఇది లభిస్తుంది, మొక్కలలో లేదు. మన పెద్దప్రేగులోని సూక్ష్మజీవులు దీనిని తయారుచేసినా, శరీరం గ్రహించేది అంతకు ముందున్న చిన్నప్రేగు చివరి భాగంలో కనుక అది మనకు అందదు. గాంధీజీ అతిసారానికి ఈ లోపమే కారణమనడం తొందరపాటు. కాని శరీర నిర్మాణాన్ని బట్టి చేసిన పాత వాదం మాత్రం నిలువలేదు. ఫలాహారులని భావించిన చింపాంజీలు మాంసం తినడాన్ని 1960లో జేన్ గుడాల్ కళ్ళారా చూసింది. మన పూర్వజాతులు 20 లక్షల సంవత్సరాలకు పూర్వమే రాతి పనిముట్లతో జంతువుల మాంసం కోసిన గుర్తులు ఎముకలపై దొరికాయి. ఆ వాదం కూలినా, మూగజీవిని హింసించరాదన్న ఆయన విశ్వాసానికి దానితో పనిలేదు. నేడు పాలు సైతం ముట్టని శాకాహారులు, సూక్ష్మజీవుల సహాయంతో తయారైన బి12ను మాత్రల రూపంలో తీసుకుంటున్నారు.