డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

ఎముకలలోని మూలుగ చెడినవారికి ఇతరుల మూలకణములను ఎక్కించి బ్రదికించు వైద్యమొకటి కలదు. అందొక విచిత్రమైన అపాయము పొంచియుండును. క్రొత్తగా కుదిరిన కావలివాడు ఇంటివారి నెరుగక వారినే దొంగలని కొట్టసాగినట్లు, దాతనుండి వచ్చిన తెల్లకణములు రోగి చర్మమును, కాలేయమును, ప్రేవులను పరాయివని యెంచి పీడించును. ఆ కావలివానిని మొదటి దినములలోనే అదుపులో నుంచు మందులలో మెథోట్రెక్సేటు ముఖ్యమైనది. అది పుట్టిన ప్రయోగశాలకు నాయకుడు తెలుగువాడని మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు పిల్లలలో ఎందరెరుగుదురు?

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మదరాసులో గట్టెక్కిరి. పరీక్ష తప్పి మా యెదుట కన్నీరు పెట్టుకొను బాలురకు మేమీ సంగతి చెప్పకుండ విడువము. వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున ఆచార్యుని యాగ్రహమునకు గురియై, తక్కువ పట్టముతో తృప్తిపడవలసివచ్చెనని చెప్పుదురు. ఆ కాలముననే స్ప్రూ అను గ్రహణివ్యాధి వారి సోదరుల నిరువురిని కొద్దిదినముల యెడములో పొట్టన పెట్టుకొనెను. ఆ వ్యాధియే తమకును సోకగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బయటపడిరి. ఈ దుఃఖమును మరువకుడు. పిమ్మటి కథయంతయు దీనితో ముడిపడియున్నది.

అమెరికాకు పోయి హార్వర్డులో చదువుచు, పొట్టకూటికై ఆసుపత్రిలో నీచమని తలపబడు పనులను సైతము చేసిరి. 1925లో ఫిస్కెగారితో కలిసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. 1940లో లెడర్లీ సంస్థకు పోయిరి. అచట వారి బృందము 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసెను. స్ప్రూ రోగుల రక్తహీనతను మాన్పునది అదియే! సోదరులు పోయి అప్పటికి ఇరువదియేండ్లు దాటినవి.

అంతట ఆగక, ఫోలికామ్లమును పోలిన మారురూపములను కల్పించిరి. కణము వాటిని నిజమైనవని భ్రమించి గ్రహించి, విభజన చెందలేక నిలిచిపోవును. అట్టి అమినోప్టెరినుతో బోస్టనులో ఫార్బరుగారు రక్తపుపుండు గల పిల్లలకు కొంతకాలము ఉపశమనము కలిగించి, 1948లో ఆ ఫలితములను వెల్లడించిరి. మెథోట్రెక్సేటు దానికి తోబుట్టువు. ఆ యేటి ఆగస్టులోనే సుబ్బారావుగారు ఏబదిమూడవ యేట పరమపదించిరి.

తరువాత థామసుగారును వారి సహచరులును మూలుగమార్పిడిని నెలకొల్పినపుడు, వేగముగా పెరుగు తెల్లకణముల నణచుటకు ఈ మందునే చేపట్టిరి. 1986లో దీనిని సైక్లోస్పోరినుతో జతపరచిన మేలని తేలెను. మార్పిడి జరిగిన 1, 3, 6, 11వ దినములలో కొద్దికొద్దిగా ఇత్తురు. నోరు పొక్కుట మొదలగు బాధలు లేకపోలేదు. థామసుగారికి 1990లో నోబెలు బహుమానము వచ్చెను. సుబ్బారావుగారికి అది రాలేదు. సముద్రము దాటిన పిదప వారు స్వదేశమునకు మరలి రానేలేదు. భార్య శేషగిరిగారు వారిని మరల చూడనులేదు.