సున్నాల వరుసను ఒక్క అంకెగా కుదించిన సోరెన్‌సన్

ముంబయిలోని కామాఠిపుర పేరు సరిహద్దు గ్రామాల తెలుగు కుటుంబాలకు కొత్తది కాదు. నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాలను వీడి వెళ్లిన కామాఠీ శ్రామికులు ఆ మహానగరపు కట్టడాలకు రాయీ సున్నమూ మోసి, తాము నివసించిన పేటకు తమ పేరునే మిగిల్చారు. అంకెలతో పిలువబడే ఆ గల్లీలలోనూ, తరువాతి కాలంలో వర్లీ, పరేల్ ప్రాంతాల చాళ్లలోనూ తెలంగాణ జిల్లాల కుటుంబాలు స్థిరపడ్డాయి. వారిలో పద్మశాలీలు అనేకులు బట్టల మిల్లులలో చేరారు. సాంచాల చప్పుడును గురించి మనవలకు చెప్పిన తాతలు ఎందరో ఉన్నారు. చలువ విభాగంలోని తొట్టెలను గురించి చెప్పినవారు తక్కువ.

ఆ తొట్టెలలో ఒక అపాయం దాగి ఉండేది. నూలు బట్టను తెల్లబరచే క్లోరిన్ ద్రావణాన్ని తగినంత క్షారగుణంతో నిలిపి ఉంచాలి. అది తగ్గి తటస్థ స్థితికి జారితే బట్ట తెల్లబడుతుంది గాని నూలు పీచు లోలోపల చివికిపోతుంది. చూడడానికి ఏ లోపమూ కనిపించదు, కట్టుకొన్నాకనే చిరుగుతుంది. కంటికి అందని ఆ జారుడును ఒక్క అంకెతో పట్టుకొనే మార్గాన్ని చూపినవారు డెన్మార్క్ రసాయన శాస్త్రజ్ఞుడు సోరెన్ పీటర్ లౌరిట్స్ సోరెన్‌సన్.

ఆయన 1868 జనవరి 9న హావ్రెబ్యెర్గ్ అనే పల్లెలో రైతు కుటుంబంలో జన్మించారు. 18వ ఏట వైద్యవిద్యకై కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయంలో ప్రవేశించారు. అక్కడ యోర్గెన్‌సన్ అనే ఆచార్యుని ప్రభావం ఆయనను రసాయన శాస్త్రం వైపు మళ్లించింది. 1899లో డాక్టరేటు పొందారు. 1901లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాల రసాయన విభాగానికి అధిపతి అయ్యారు. జీవితాంతం ఆయన పని అక్కడే సాగింది.

కార్ల్స్‌బర్గ్ ఒక బీరు కర్మాగారం. దాని యజమాని యాకబ్‌సన్ 1875లో ప్రయోగశాలను స్థాపించి, అక్కడ కనుగొన్న విషయాలను రహస్యంగా దాచక ప్రకటించవలెనని నియమం పెట్టారు. వ్యాపారులలో ఇటువంటి ఉదారత నాడూ నేడూ అరుదే. ఆ నియమం లేకున్నచో తరువాతి కథ మరొక విధంగా ఉండేదేమో.

సోరెన్‌సన్‌కు ఎదురైన చిక్కు ఎంజైములకు సంబంధించినది. ఎంజైము చురుకుదనం ద్రావణపు ఆమ్లగుణాన్ని బట్టి మారుతుంది. అయితే ఆ గుణాన్ని కొలవడం ఎట్లు? ఎంత ఆమ్లం కలిపితిమన్న లెక్క చాలదు. లీటరు నీటిలో ఒకే మోతాదున, అనగా 0.1 మోల్ చొప్పున, ఒకచోట హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్నీ మరొకచోట పులిసిన కల్లు నుండి వచ్చే ఎసిటిక్ ఆమ్లాన్నీ కలిపితే, రెండింటినీ విరుగగొట్టడానికి కావలసిన క్షారం సమానమే. కాని మొదటిదానిలో విడివడిన హైడ్రోజన్ అయాన్లు రెండవదానికంటే సుమారు 75 రెట్లు ఎక్కువ. ఎంజైముకు తగిలేది ఆ అయాన్ల గాఢతయే. దానిని రాయబోతే దశాంశ బిందువు వెనుక సున్నాల వరుస. ఒక సున్నా జారిపోతే లెక్క పదిరెట్లు తప్పుతుంది.

1909లో ప్రకటించిన వ్యాసంలో ఆయన దీనికి ఋణ సంవర్గమానాన్ని ఉపాయంగా చూపారు. సంవర్గమానం అనగా 10ని ఏ ఘాతానికి హెచ్చిస్తే ఆ సంఖ్య వస్తుందో ఆ ఘాతం. 0.0001కి అది −4. గుర్తు మార్చితే 4. గాఢత 0.00025 అయితే దానిని 2.5, 0.0001ల లబ్ధంగా విడదీయాలి. పట్టికలో 2.5కు సంవర్గమానం 0.398, దానిని 4 నుండి తీసివేస్తే సుమారు 3.6. ఇదే పీహెచ్, వ్యవసాయ శాఖ వాడుకలో ఉదజని సూచిక. 25 డిగ్రీల వద్ద స్వచ్ఛమైన నీటికి 7. అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం.

ఇక్కడ చాలామంది పొరపడుతారు. 5 అంకె గల నీటినీ 7 అంకె గల నీటినీ సమంగా కలిపితే 6 రాదు. గాఢతలనే కూడి సగం చేయాలి. 0.00001, 0.0000001 కలిపి సగం చేస్తే 0.00000505, దాని సూచిక సుమారు 5.3. నీటిలో మార్పును అడ్డుకొనే లవణాలు లేవనుకొన్నప్పటి లెక్క ఇది.

అంకెను సూచించడంతో ఆయన ఆగలేదు. హైడ్రోజన్ ఎలక్ట్రోడుతో ఖచ్చితంగా కొలిచి, అంకె కదలని ద్రావణాల వరుసను తయారుచేశారు. వాటి పక్కన రంగు మార్చే సూచికలను పెట్టి పోల్చే పద్ధతిని స్థిరపరచారు. ఖరీదైన పరికరాలు లేని కర్మాగారానికి సైతం, ఒక గాజు గొట్టమూ రెండు చుక్కల రంగూ ఉంటే ఆ అంకె అందుబాటులోకి వచ్చింది. సూత్రం ఘనత సరే గాని, లోకంలో దానిని నడిపించినది ఈ రంగుల వరుసయే. 1914లో మికాయెలిస్ రాసిన గ్రంథం దీనిని వైద్యులకు, జీవ రసాయనికులకు చేరవేసింది. నిమ్మరసం పులుపును కొలిచేందుకు బెక్‌మన్ 1934లో అమెరికాలో విద్యుత్ మీటరును రూపొందించారు. బొంబాయిలో 1933 అక్టోబరు 1న విశ్వవిద్యాలయ రసాయన సాంకేతిక విభాగం ఆరంభమై, వస్త్ర రసాయన శాస్త్రాన్ని బోధించసాగింది.

సోరెన్‌సన్ కోడిగుడ్డు తెల్లసొనలోని ప్రోటీనును స్ఫటికాలుగా వేరుచేసి పరిశీలించారు. ప్రోటీన్ల పరిశోధనలో ఆయన భార్య మార్గరెథె కూడా కలిసి పనిచేశారు. 1924లో లిండర్‌స్ట్రోమ్-లాంగ్‌తో కలిసి తన తొలి నిర్వచనాన్ని తానే సవరించారు. పేరు వచ్చిన తరువాత ఇంత నిజాయితీ అందరికీ సాధ్యం కాదు. నోబెల్ బహుమతి రాలేదు. 1938లో ఉద్యోగ విరమణ చేసి, 1939 ఫిబ్రవరి 12న కన్నుమూశారు.

బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె 1982 జనవరి 18న మొదలైన తరువాత అనేక మిల్లులు మరల తెరుచుకోలేదు. చాళ్ల నుండి కొందరు సొంత ఊళ్లకు తిరిగివచ్చి సేద్యం పట్టారు. 2015 నుండి రైతులకు ఇస్తున్న భూసార పత్రంలో ఉదజని సూచికకు ఒక గడి ఉంది. అందులో 7.5కు బదులు 8.5 అని ఉంటే క్షారగుణం పదిరెట్లు పెరిగినట్లు. అక్కడి నుండి చౌడు భయం మొదలవుతుంది; జిప్సం ఎంత వేయాలో అడగవలసి వస్తుంది.