ఆల్ఫ్రెడ్ వెర్నర్

ఆల్ఫ్రెడ్ వెర్నర్ (డిసెంబరు 12, 1866 - నవంబరు 15, 1919) స్విట్జర్లాండుకు చెందిన ప్రముఖ రసాయన శాస్త్రవేత్త. లోహ అయాను చుట్టూ ఇతర అణువులు, అయానులు ఏ విధంగా అమరి ఉంటాయో వివరించిన సమన్వయ సిద్ధాంతానికి ఈయన ఆద్యుడు. ఈ కృషికి 1913లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. లోహాల పరిమాణాన్ని కనుగొనడానికి వాడే కీలేటు కారకాల పనితీరును అర్థం చేసుకోవడానికి ఈ సిద్ధాంతమే పునాది.

బాల్యము, విద్య

వెర్నర్ అల్సాస్ ప్రాంతంలోని ముల్‌హౌస్ పట్టణంలో జన్మించాడు. అప్పటికి ఫ్రాన్సులో ఉన్న ఈ ప్రాంతం 1871లో జర్మనీ వశమైంది. ఇంట్లో ఫ్రెంచి భాషే వాడుకలో ఉన్నా, ఈయన తన శాస్త్ర రచనలలో అధికభాగం జర్మన్ భాషలోనే చేశాడు. జ్యూరిచ్‌లో చదువుకొని, ఆర్థర్ హాంచ్ పర్యవేక్షణలో పరిశోధన చేసి 1890లో డాక్టరేటు పొందాడు. నత్రజని గల కర్బన సమ్మేళనాలలో పరమాణువుల త్రిమితీయ అమరిక ఆ పరిశోధనలోని విషయం. తరువాత కొంతకాలం పారిస్‌లో మార్సెలిన్ బెర్తెలో వద్ద పనిచేశాడు. 1893లో జ్యూరిచ్ విశ్వవిద్యాలయంలో చేరి, 1895లో పూర్తిస్థాయి ఆచార్యుడయ్యాడు.

సమన్వయ సిద్ధాంతం

కోబాల్టు క్లోరైడు అమ్మోనియాతో కలిసి పలు రంగుల లవణాలను ఏర్పరుస్తుంది. వీటికి సిల్వర్ నైట్రేటు ద్రావణాన్ని కలిపినప్పుడు, ఆరు అమ్మోనియా అణువులున్న పసుపు లవణంలోని మూడు క్లోరిన్‌లూ అవక్షేపంగా దిగుతాయి. అమ్మోనియా అణువులు ఐదున్న ఊదా లవణంలో రెండు, నాలుగున్న ఆకుపచ్చ లవణంలో ఒకటి మాత్రమే దిగుతాయి. కోపెన్‌హాగన్‌కు చెందిన సోఫస్ మాడ్స్ యోర్గెన్సెన్ అమ్మోనియా అణువులు కర్బన పరమాణువుల వలె గొలుసుగా కలుస్తాయని భావించి దీనిని వివరించాడు.

1893లో, 26 ఏళ్ళ వయసులో, వెర్నర్ దీనికి భిన్నమైన సిద్ధాంతాన్ని ప్రకటించాడు. దీని ప్రకారం లోహానికి రెండు రకాల వేలన్సీలుంటాయి. ప్రాథమిక వేలన్సీ లోహపు ఆవేశానికి సంబంధించినది. ద్వితీయ వేలన్సీ లోహానికి నేరుగా అతుక్కునే సమూహాల సంఖ్యను తెలుపుతుంది. కోబాల్టుకు ఈ సంఖ్య ఆరు. ఈ ఆరు స్థానాలలో ఉన్న క్లోరిన్ అవక్షేపం కాదు, వెలుపల ఉన్నది మాత్రమే అవుతుంది. ఈ ఆరు సమూహాలు అష్టముఖి శీర్షాల వద్ద ఉంటాయని కూడా ఈయన ప్రతిపాదించాడు.

అప్పటికి వెర్నర్ ఈ లవణాలపై స్వయంగా చేసిన ప్రయోగాలు దాదాపు లేవు. ఆధారాలలో చాలా భాగం యోర్గెన్సెన్ తయారుచేసిన లవణాలే.

నిరూపణ

సిద్ధాంతాన్ని నిరూపించడానికి రెండు దశాబ్దాలు పట్టింది. ఆర్టురో మియోలాటితో కలిసి చేసిన విద్యుద్వాహకత కొలతలు మొదటి బలాన్నిచ్చాయి. అష్టముఖి అమరిక నిజమైతే, నాలుగు అమ్మోనియాలు, రెండు క్లోరిన్‌లు గల కోబాల్టు లవణానికి రెండు రూపాలుండాలి. ఆకుపచ్చ రూపం మాత్రమే తెలిసి ఉండటం వల్ల యోర్గెన్సెన్ ఈ వాదాన్ని అంగీకరించలేదు. 1907లో వెర్నర్ రెండవదైన ఊదా రూపాన్ని తయారుచేయగా, యోర్గెన్సెన్ తన సిద్ధాంతాన్ని విడిచిపెట్టాడు.

1911లో వెర్నర్, ఆయన విద్యార్థి విక్టర్ కింగ్ ఇథిలీన్ డైఅమీన్ గల కోబాల్టు సంక్లిష్టాన్ని, ధ్రువిత కాంతిని కుడికి, ఎడమకు తిప్పే రెండు రూపాలుగా వేరుచేశారు. ఇథిలీన్ డైఅమీన్ ఒకే అణువుతో లోహాన్ని రెండు చోట్ల పట్టుకొనే కీలేటు కారకం. అయితే ఈ గుణానికి అందులోని కర్బనమే కారణమని కొందరు విమర్శించారు. 1914లో కర్బనం ఏ మాత్రం లేని సంక్లిష్టాన్ని కూడా అదే విధంగా వేరుచేసి వెర్నర్ ఆ విమర్శకు సమాధానమిచ్చాడు.

చివరి రోజులు

నోబెల్ బహుమతి వచ్చిన కొద్దికాలానికే వెర్నర్ ఆరోగ్యం క్షీణించింది. ధమనుల వ్యాధి కారణంగా 1919 అక్టోబరులో పదవి నుండి తప్పుకున్నాడు. మరుసటి నెలలో 52 ఏళ్ళ వయసులో జ్యూరిచ్‌లో మరణించాడు.

ప్రభావం

1920లో మోర్గాన్, డ్రూ అనే శాస్త్రవేత్తలు, పీత డెక్కకు గల గ్రీకు పదం ఆధారంగా కీలేటు అనే పేరు పెట్టారు. 1940వ దశకంలో జ్యూరిచ్ విశ్వవిద్యాలయంలోనే గెరోల్డ్ ష్వార్జెన్‌బాఖ్ ఇ.డి.టి.ఎ.తో లోహాల అంశమాపన పద్ధతులను రూపొందించాడు. ఇ.డి.టి.ఎ. తన రెండు నత్రజని, నాలుగు ఆక్సిజన్ పరమాణువులతో లోహపు ఆరు స్థానాలనూ ఆక్రమించగలదు. అందువల్ల ఒక లోహ అయానుకు ఒక అణువు చొప్పున చర్య జరిగి లెక్క సులభమవుతుంది. నీటి కాఠిన్యాన్ని కొలిచేటప్పుడు ఎరియోక్రోం బ్లాక్ టి సూచిక ఎరుపు నుండి నీలానికి మారడం, కాల్షియం, మెగ్నీషియం అయానులన్నీ ఇ.డి.టి.ఎ.తో బంధించబడ్డాయనడానికి గుర్తు.